మా దగ్గరున్న మీ రైఫిళ్ల గురించి, మేం రాసిచ్చే చరిత్ర కాగితం గురించి

బాగుచేయమని మా షాపులో పాత రైఫిల్ ఇచ్చి ఎదురుచూస్తున్నవాళ్లకి ముందు అసలు విషయం చెప్పేస్తాను. కర్ర పని ఉన్నవేవీ సంక్రాంతికి ముందు చేతికి రావు. చెన్నైలో ఈశాన్య రుతుపవనం మొదలయ్యాక గాలిలో ఉండే తేమకి కాచని అవిసె నూనె ఆరదు, ఒక పొర ఆరకుండానే ఇంకో పొర రుద్దితే పైన జిగురు మిగిలిపోయి దుమ్మంతా పట్టేస్తుంది. వార్నిష్ కొట్టి వారంలో ఇచ్చేయొచ్చు కదా అని కొందరు అడిగారు. ఇచ్చేయొచ్చు, నిజమే. కానీ ఫ్యాక్టరీలో ఆ కర్రకి పట్టించింది నూనె, వార్నిష్ కాదు. అందుకే నేను వేయను. ఇనుము పని మాత్రమే ఉన్నవి ఈ నెలాఖరులోపు సిద్ధమవుతాయి, మేమే ఫోన్ చేస్తాం.

రెండో సంగతి కొంతమందికి నచ్చకపోవచ్చు. బఫింగ్ వీల్ మీద పెట్టి తళతళా మెరిసేలా పాలిష్ చేయడం మా షాపులో పూర్తిగా ఆపేశాం. ఇంట్లో పెళ్లి ఉంది, హాల్లో గోడకి పెట్టాలి, కొత్తదానిలా ఉండాలి అంటూ వస్తారు, ఆ సంతోషం నాకు అర్థమవుతుంది. కానీ పాత సైనిక రైఫిల్‌కి ఉన్న విలువలో పెద్ద వాటా దాని మీద కొట్టిన ముద్రలది. బ్రిటిష్ సైన్యం వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ మార్క్ 3 తీసుకోండి, 1907లో వచ్చిన నమూనా. బట్ కర్ర, అంటే భుజానికి ఆనించే కర్ర, ఇనుములోకి దిగే చోట కుడివైపు చూస్తే కిరీటం, దాని కింద రాజు పేరు పొడి అక్షరాలు, ఫ్యాక్టరీ పేరు, తయారైన సంవత్సరం, మోడల్ పేరు వరసగా ఉంటాయి. బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో స్వాతంత్ర్యానికి ముందు చేసిన చాలావాటి మీద జి.ఆర్.ఐ. (జార్జ్, రాజు, చక్రవర్తి అని లాటిన్ పొడి అక్షరాలు) అని కనిపిస్తుంది. ఎఫ్.ఆర్. అని పక్కన సంవత్సరం వేసి ఉంటే, అది ఫ్యాక్టరీకి వెనక్కి వెళ్లి మరమ్మతై మళ్లీ సర్వీసులోకి వచ్చిందని. ఈ అక్షరాల లోతు చాలా తక్కువ, వీల్ మీద రెండు నిమిషాలు పెడితే చాలు, సగం పోతాయి, పోయినవి తిరిగి రావు. ఈ మధ్య నెల్లూరు నుంచి ఒకాయన తెచ్చారు, అంతకుముందు ఎవరో ఫర్నిచర్ పాలిష్ చేసే అతనికి ఇచ్చారట, సంవత్సరంలో చివరి రెండంకెలు అరిగిపోయాయి. ‘మా తాతగారిది అండీ, ఏ సంవత్సరందో చెప్పండి’ అని ఆయన అడుగుతుంటే నాకు నిజంగా బాధ అనిపించింది.

నల్ల రంగు గురించి కూడా చెప్పాలి. ఇషాపూర్‌లో మరమ్మతైన చాలా రైఫిళ్లకి ఇనుము మీద నల్ల రంగు పూశారు, తేమ దేశంలో తుప్పు పట్టకుండా. ఇంట్లో ఎవరో పెయింట్ కొట్టేశారనుకుని దాన్ని గీకించేయమంటారు. దయచేసి గీకకండి, గీకించకండి. ముందు కర్ర గుండా అడ్డంగా బిగించిన స్క్రూ కనిపించినా అంతే, అది ఇక్కడి వాతావరణంలో కర్ర పగలకుండా ఫ్యాక్టరీ వాళ్లే వేసింది, దాన్ని తీసేసి రంధ్రం పూడ్చమంటే చేయను.

మరి మేం చేసేది ఏంటంటే, కర్ర విప్పి లోపల చూడడం. పైకి బాగా కనిపించే రైఫిల్‌కి కూడా కర్రకి ఆనుకుని ఉండే వైపు బ్యారెల్ మీద తుప్పు గుంటలు పడి ఉంటాయి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా తుపాకులు స్టేషన్లోనో డీలర్ దగ్గరో డిపాజిట్ చేయమంటారు కదా, నెలల తరబడి బీరువాలో నూనె లేకుండా ఉన్నవి అలాగే తయారవుతాయి, ఇచ్చే ముందు నూనె రాసి ఇవ్వండి. బ్యారెల్ లోపల పాత తూటాల ప్రైమర్ (తూటా అడుగున నిప్పు రాజేసే మందు) వదిలిన ఉప్పు ఉంటుంది, అది నూనెకి కరగదు, మరిగే నీళ్లు పోసి కడిగి వెంటనే ఆరబెట్టి అప్పుడు నూనె రాయాలి. కర్ర మీద నొక్కులుంటే తడిబట్ట వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే చాలావరకు పైకి లేస్తాయి. ఎమరీ కాగితం జోలికి మాత్రం వెళ్లం.

ఇక చరిత్ర కాగితం, అంటే మీ రైఫిల్ ఎక్కడిదో, ఎవరి చేతులు మారిందో మేం వెతికి రాసిచ్చేది. ఈ పనంటేనే నాకు ఎక్కువ ఇష్టం, గొడవలు కూడా దీని దగ్గరే వస్తున్నాయి.

చాలామంది అడిగేది నంబరు చూసి ఏ సిపాయి మోశాడో చెప్పమని. లీ-ఎన్‌ఫీల్డ్ విషయంలో దాదాపు ఎప్పుడూ అది కుదరదు. నంబరు ఫ్యాక్టరీది, మనిషిది కాదు. స్విట్జర్లాండ్ కె-31 రైఫిళ్లలో కొన్నిటికి బట్ ప్లేట్ విప్పితే సైనికుడి పేరు రాసిన చీటీ దొరుకుతుంది, అలాంటి అదృష్టం మనకి లేదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందువాటిలో బట్ మీద ఇత్తడి బిళ్ల ఉంటుంది, దాని మీద రెజిమెంట్ అక్షరాలు ఉంటే ఏ దళానిదో చెప్పగలం. 1916లో ఆ బిళ్ల కూడా ఎత్తేశారు.

నంబర్లు మాత్రం వేరే కథ చెప్తాయి. బాడీ మీద, బోల్ట్ (తూటాని లోపలికి నెట్టి మూసే ఇనుప కడ్డీ) హ్యాండిల్ మీద, ముందు సైట్ ఉండే మూతి ముక్క మీద, వెనక సైట్ మీద ఒకే నంబరు ఉంటే ఆ ముక్కలన్నీ మొదటి నుంచీ కలిసే ఉన్నాయని అర్థం. బోల్ట్ మాత్రం వేరైతే మధ్యలో మార్చారు. నకిలీలు కూడా ఇలాగే దొరుకుతాయి. ఇప్పటి పాకిస్తాన్‌లోని దర్రా ఆదం ఖేల్ వైపు చేతితో చేసిన కాపీల మీద వి.ఆర్. అని విక్టోరియా రాణి ముద్ర, కింద 1910 అనో ఇంకేదో సంవత్సరం ఉంటుంది. ఆవిడ పోయింది 1901 జనవరిలో. అలాంటిదాన్ని ఎవరైనా ‘రాయల్ పీస్’ అని అమ్మజూపితే డబ్బు ఇవ్వకండి.

ఇండియాలో యజమానుల వరస దొరికేది లైసెన్స్ బుక్కుల్లో. కంపెనీ, బోర్ (గొట్టం లోపలి కొలత), నంబరు, ఎవరి నుంచి వచ్చిందో అందులో ఉంటుంది. 1953కి ముందు నెల్లూరు, చిత్తూరు వైపు ఇచ్చినవి మద్రాసు ప్రభుత్వం కిందివే కాబట్టి పాత సర్కారు ఉత్తర్వులు చూడాల్సి వస్తే నేను ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్తాను. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో ఒక మనిషికి మూడు ఆయుధాల బదులు రెండే అన్నారు, వారసత్వంగా వచ్చినా అంతే. దాంతో చాలా ఇళ్లలో మూడో తుపాకీని డీలర్‌కి అప్పగించారు, పాత బుక్కులు, బిల్లులు, తాతల ఫొటోలు ఇంట్లోనే మిగిలిపోయాయి. తుపాకీ ఒక చోట, దాని కథ ఇంకో చోట. చెల్లని బుక్కే కదా అని పారేయకండి, జిరాక్స్ తీసి తుపాకీతో పాటు ఇవ్వండి, నాకు అంతకంటే పెద్ద సాయం లేదు.

అందుకే ఇకపై కాగితంలో రెండు భాగాలు ఉంటాయి. ఒకదానిలో తుపాకీ మీద, పత్రాల్లో కనిపించింది, ఫొటోలతో సహా. రెండోదానిలో మీ కుటుంబం చెప్పింది, చెప్పినవాళ్ల పేరుతో. రెండూ కలపను. మా పెద్దాయన బర్మాలో పోరాడి తెచ్చుకున్నారంటే ఆ మాట శ్రద్ధగా రాస్తాను, కానీ రెండో భాగంలోనే. అది మొదటి భాగంలోకి మార్చితే ఎక్కువ డబ్బిస్తానని ఒక బ్రోకర్ వచ్చాడు, పంపేశాను. ఆ ఆర్డర్లు పోయినందుకు ఈ ఏడాది లెక్కల్లో తేడా తెలుస్తోంది, దాచడం ఎందుకు. అందుకే పరిశీలన ఫీజు వేరు, బాగుచేసే ఫీజు వేరు చేశాను. చరిత్ర దొరకకపోయినా పరిశీలన ఫీజు ఇవ్వాల్సిందే, ఎందుకంటే వెతికే సమయం అంతే పడుతుంది.

సైనిక లీ-ఎన్‌ఫీల్డ్ బోర్ త్రీ నాట్ త్రీ, అది ప్రొహిబిటెడ్ (నిషేధిత) బోర్, కాబట్టి మామూలు లైసెన్స్ మీద తేకండి. మాకు ఎక్కువగా వచ్చేవి లీ-ఎన్‌ఫీల్డ్ బోల్ట్ పద్ధతిలోనే ఇషాపూర్ చేసిన 315 బోర్ రైఫిళ్లు, కొన్ని మరమ్మతు చేసినా పేలని పాతవి. పేలనివాటికి ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది, కానీ అది మనం అనుకుంటే సరిపోదు, లైసెన్సింగ్ అధికారి కాగితం చూపిస్తేనే ముట్టుకుంటాను, దాన్ని పేలేలా చేయమంటే చేయను. లైసెన్స్ ఉన్నవాళ్లు స్వయంగా రాలేకపోతే రాతపూర్వకంగా అధికారం ఇచ్చి ఇంట్లోవాళ్లని పంపవచ్చు, ఒరిజినల్ లైసెన్స్ వాళ్ల చేతిలో ఉండాలి. కొరియర్‌లో మాత్రం పంపకండి, తీసుకోను. కొత్త రైఫిళ్లు జనవరి నెలాఖరు నుంచి తీసుకుంటాం, తెచ్చే ముందు ముద్రల ఫొటోలు తీసి పంపితే, ఏ పని అవసరమో ముందే చెప్తాను.