రెండు వైపులా వినిపించారు సరే, విన్నదెవరు?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో నేను ముందు తిప్పేది ఎడిట్ పేజీయే. రాత్రి టీవీలో డిబేట్లు కూడా చూస్తుంటా, చూడకుండా ఉంటే బాగుండేది అనుకుంటూనే చూస్తా. నలుగురు కూర్చుంటారు, యాంకర్ ఒక ప్రశ్న వేస్తాడు, ఒకాయన మొదలుపెట్టి రెండో వాక్యంలోకి వచ్చేసరికి ఎదుటాయన "ముందు మీ హయాంలో ఏం వెలగబెట్టారో చెప్పండి" అని అందుకుంటాడు, ఇక అక్కణ్ణుంచి గంటసేపు ఎవరి మాటా ఎవరికీ వినపడదు, చివర్లో యాంకర్ "రెండు వైపులా వాదనలు విన్నారు" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు. మేం విన్నది అరుపులండీ.

అవతలి పక్షానికి మైకు ఇవ్వడం వేరు, వాళ్ళ వాదన వినడం వేరు. ఈ ఒక్క తేడా చెబుదామనే ఈ ఉత్తరం.

మన పాత శాస్త్ర గ్రంథాల్లో ఒక పద్ధతి ఉండేది కదా, పూర్వపక్షం అని. ఎదుటివాడు ఏమంటున్నాడో, ఎందుకంటున్నాడో ముందు నువ్వే చెప్పాలి, ఆ తర్వాతే ఖండన, ఆ తర్వాత సిద్ధాంతం. అందరూ దాన్ని నిజాయితీగా పాటించారని నేననను, ఎదుటివాడి వాదనని బలహీనంగా చెప్పి తేలిగ్గా కొట్టేసిన వాళ్ళు అప్పుడూ ఉండే ఉంటారు. కానీ రూల్ అయితే ఉంది. తమాషా ఏంటంటే ఇవాళ తెలుగులో 'పూర్వపక్షం చేశాడు' అంటే కొట్టిపారేశాడు అనే అర్థంలోనే వాడుతున్నాం, చెప్పడం అనే సగం ఎక్కడో జారిపోయింది, కొట్టడం మాత్రం మిగిలింది!

నా సంగతే చెప్తా. ఉరిశిక్ష ఉండకూడదనేది నా అభిప్రాయం, మా బావగారు ఉండాలంటారు, ఇద్దరం ఏళ్ళ తరబడి దీని మీద కొట్టుకుంటున్నాం. ఒకసారి ఆయన విసిగిపోయి "నేను ఎందుకు ఉండాలంటున్నానో నువ్వు చెప్పు చూద్దాం" అన్నాడు. "ఏముంది బావా, పగ" అన్నా. ఆయన తల అడ్డంగా ఊపాడు. చట్టం తమ బిడ్డ ప్రాణానికి సరైన విలువ కట్టలేదని ఆ ఇంటివాళ్ళకి అనిపిస్తే రేపు కోర్టుకి ఎవరూ పోరు, కత్తి పట్టుకుని పోతారు, నా భయం అదీ అన్నాడు. నేను మారలేదండీ, ఇప్పటికీ ఉరిశిక్షకి వ్యతిరేకమే. కాకపోతే అన్నేళ్ళూ నేను జవాబు చెప్పింది ఆయన అనని మాటకి అని తెలిసి కాస్త సిగ్గేసింది, ఇప్పుడు ఆ భయానికి జవాబు వెతుక్కోవాల్సి వస్తోంది, అది అంత ఈజీగా లేదు.

చరిత్రలో నాకు బాగా నచ్చే ముచ్చట ఒకటుంది. క్రీ.పూ. 427లో, పాత గ్రీసులో, ఏథెన్స్ నగరం వాళ్ళ మీద మిటిలీనీ అనే ఊరు తిరగబడి ఓడిపోయింది. ఏథెన్స్ జనం సభ పెట్టి, కోపం మీద, ఆ ఊళ్ళో ఎదిగిన మగాళ్ళందర్నీ చంపేయండి, ఆడవాళ్ళనీ పిల్లల్నీ బానిసలు చేయండి అని తీర్మానం చేసి ఓడ కూడా పంపేశారు. తెల్లారేసరికి కొందరికి మనసు ఒప్పక మళ్ళీ సభ పెట్టించారు. క్లియోన్ అనే నాయకుడు లేచి, నిన్న చేసిన తీర్మానాన్ని ఇవాళ మార్చడమేంటి, మాటకారుల మాయలో పడకండి, కఠినంగా ఉంటేనే ఏథెన్స్‌కి లాభం అని తిట్టిపోశాడు. డయోడోటస్ అనే ఆయన అడ్డం తిరిగాడు, కానీ జాలి చూపించమని అడగలేదు చూడండి, అసలు కిటుకు అక్కడే ఉంది. క్లియోన్ ఏథెన్స్ లాభం గురించి మాట్లాడాడు కదా, సరే లాభమే చూద్దాం, లొంగినా చావు తప్పదని తెలిస్తే రేపు తిరగబడ్డ ఏ ఊరైనా చివరిదాకా లొంగదు, అప్పుడు నష్టం ఎవరికి అని అడిగాడు. అంటే అవతలివాడి మాట పూర్తిగా విని, వాడు నిలబడ్డ చోటే నిలబడి జవాబు చెప్పాడు. చేతులెత్తిస్తే స్వల్ప తేడాతో ఈయన గెలిచాడు. వెంటనే ఆ ఉత్తర్వు ఆపమని రెండో ఓడ పంపారు, అందులో వాళ్ళు తెడ్లు వేస్తూనే తింటూ, వంతులేసుకుని నిద్రపోతూ, సరిగ్గా మొదటి ఉత్తర్వు అమలుచేయబోతుండగా చేరారు. అంతా సుఖాంతం అనుకోకండి, తిరుగుబాటుకి కారకులు అన్నవాళ్ళని చంపారు. కానీ ఊరు మిగిలింది.

ఇలాంటిదే మన దగ్గరా ఉంది. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ తన ముగింపు ప్రసంగంలో, సభలో తనకి అడ్డుపడుతూ వచ్చిన కామత్, కె.టి.షా, కుంజ్రూ లాంటి సభ్యులని పేరుపేరునా తలుచుకున్నారు, వాళ్ళ సలహాలు తను ఒప్పుకోకపోయినా వాటి విలువ తగ్గదన్నారు. సభ ముందుకొచ్చిన సవరణలు 7,635, అందులో చర్చకి పెట్టినవి 2,473. ఓపిక అంటే అదీ.

ఇక్కడ నా వాదనకి నేనే అడ్డం చెప్పుకోవాలి. అవతలి మాట చెవిన పడితే చాలు మనుషులు మెత్తబడతారనుకుంటే పొరపాటే. 2018లో అమెరికాలో ఒక పరిశోధన బయటికొచ్చింది, ట్విట్టర్ వాడేవాళ్ళకి నెల రోజుల పాటు తమకి వ్యతిరేక పక్షం పోస్టులు కనపడేలా చేశారు, తీరా చూస్తే రిపబ్లికన్లు ఇంకా గట్టిగా తమ వైపుకే జరిగారు, డెమోక్రాట్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకు ఆశ్చర్యం వేయలేదు. ముక్కలు ముక్కలుగా నెత్తిన పడే మాటలు వింటే పౌరుషం పెరుగుతుంది గానీ ఆలోచన ఎక్కడ పెరుగుతుంది? ఆ టీవీ వాళ్ళ డిబేట్ చేసేదీ అదే పని.

అలాగని ప్రతిదానికీ రెండో పక్షం ఉంటుందనీ అనను. 1969లో ఒక సిగరెట్ కంపెనీ లోపలి నోట్‌లో 'సందేహమే మా సరుకు' అని రాసుకున్నారు, పొగ వల్ల జబ్బులొస్తాయని డాక్టర్లు చెప్తుంటే 'ఇంకా చర్చ నడుస్తోంది' అనిపించడమే వాళ్ళ వ్యాపారం. తేలిపోయిన లెక్కకి చెరిసగం టైం ఇవ్వక్కర్లేదు. పన్ను ఎవరి మీద వేయాలి, శిక్ష ఎంత ఉండాలి, భూమి తీసుకుంటే ఎవరిని అడగాలి, ఇలాంటివాటికి లెక్క ఒక్కటే సరిపోదు, అక్కడ వినాల్సిందే.

మీకు ఒక చిన్న విన్నపం. వివాదం ఉన్న విషయం మీద వ్యాసం వేసేటప్పుడు, రాసినాయన్ని మొదటి పేరాలో అవతలి వాళ్ళ వాదన రాయమనండి, అచ్చు వేసేముందు ఆ పేరా అవతలి పక్షం మనిషికి చూపించి "అవును, మేం అనేది ఇదే" అనిపించుకోండి. లేటవుతుందంటారా, అవ్వనీండి, ఒక రోజు ఆలస్యంగా చదువుతాం. ఇక నా ఈ ఉత్తరానికి ఎవరైనా జవాబు రాస్తే నాది కత్తిరించి అయినా సరే వాళ్ళది పూర్తిగా వేయండి, మా బావగారు ఆల్రెడీ పెన్ను వెతుక్కుంటున్నారు.

ఇట్లు,
మీ పాఠకుడు