తండ్రి పేరు అడిగేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

ఉగ్రవాద అనుమానితులను ఎక్కడ ఉంచిందీ ప్రభుత్వం ఎవరికీ చెప్పనక్కరలేదని ఒక పాఠకుడు రాసిన లేఖ మీ పత్రికలో చదివాను. అనంతపురం జిల్లా కోర్టుల్లో ముప్ఫై ఏళ్లు బెంచి క్లర్కుగా పనిచేసినవాడిని. ఆ మాట ఒప్పుకోలేను.

మా వైపు ఊరికి పదిమంది ఆంజనేయులు, అయిదుగురు దస్తగిరులు ఉంటారు. కోర్టు హాల్లో పేరు పిలిస్తే ఒక్కోసారి ఇద్దరు లేచేవారు. తండ్రి పేరు చదివాక ఒకరు కూర్చునేవారు. ఒక రాత్రి మేజిస్ట్రేట్ గారి ఇంటికి ఒక కుర్రవాడిని రిమాండుకు తెచ్చారు. కాగితాల్లో తండ్రి పేరు ఒకటి, అతను చెప్పింది ఇంకొకటి. తల్లి రేషన్ కార్డు కొంగులో చుట్టుకుని గేటు బయట నిలబడి ఉంది. వరండా దీపం కింద ఆ కార్డు చూసి మేజిస్ట్రేట్ గారు రిమాండు నిరాకరించారు. పది నిమిషాల పని. కొడుకును ఎక్కడికి తీసుకెళ్లారో తెలియకపోతే ఆమె ఆ కార్డు ఎవరికి చూపించేది?

జర్మన్ పౌరుడు ఖాలిద్ అల్ మస్రీ పేరు కూడా ఇలాగే వేరొక అనుమానితుడి పేరును పోలి ఉంది. 2003 డిసెంబరు 31న మాసిడోనియా సరిహద్దులో అతన్ని పట్టుకున్నారు. 23 రోజులు హోటల్ గదిలో బంధించి అమెరికా గూఢచార సంస్థ సీఐఏకి అప్పగిస్తే, వారు విమానంలో అఫ్గానిస్తాన్‌కు తరలించారు. దొంగదని అనుమానించిన పాస్‌పోర్టు అసలైనదేనని తేలింది. 2004 మేలో అల్బేనియాలో ఒక దారిలో దించేసి పోయారు. న్యాయం కోసం అమెరికా కోర్టుకు వెళితే, ప్రభుత్వ రహస్యాలు బయటపడతాయని విచారణ కూడా లేకుండా కేసు కొట్టేశారు. 2012లో యూరప్ మానవ హక్కుల కోర్టు మాసిడోనియాను తప్పుపట్టి 60 వేల యూరోలు చెల్లించమంది.

ఇలాంటి తరలింపులు ప్రాణాలు కాపాడతాయని, హింసించడానికి ఎవరినీ ఏ దేశానికీ పంపడం లేదని 2005 డిసెంబరులో అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కండోలీజా రైస్ చెప్పారు. అప్పటికే కెనడా పౌరుడు మాహెర్ అరార్‌ను న్యూయార్క్ విమానాశ్రయంలో ఆపి సిరియా జైలుకు చేర్చారు, అక్కడ అతన్ని చిత్రహింసలు పెట్టారు. 2007లో కెనడా అతనికి క్షమాపణ చెప్పింది. సీఐఏ నిర్బంధించిన 119 మందిలో కనీసం 26 మందిని ఆ సంస్థ సొంత నిబంధనల ప్రకారమే పట్టుకోకూడదని 2014లో అమెరికా సెనేట్ కమిటీ తేల్చింది. రహస్యంగా ఉంచినందువల్లే ఆ తప్పులు అన్నాళ్లు దాగాయి.

మన రాజ్యాంగం 22వ అధికరణం అరెస్టయిన వ్యక్తిని 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టమంటుంది. ఉగ్రవాదంపై ప్రయోగించే యూఏపీఏ చట్టం కింద పెట్టే కేసులకు కూడా ఆ గడువు వర్తిస్తుంది. నేరం రుజువైతే కఠినంగా శిక్షించండి, నాకు అభ్యంతరం లేదు. 2007 ఆగస్టు 25న గోకుల్ చాట్, లుంబినీ పార్కులో బాంబులు పేలినప్పుడు మా అబ్బాయి హైదరాబాదులోనే ఉన్నాడు. ఫోను కలవక తెల్లవారేదాకా నేనూ, నా భార్యా వాకిట్లోనే కూర్చున్నాం. మాకది ఒక్క రాత్రి. మస్రీ భార్యకు నెలల తరబడి భర్త జాడే తెలియలేదు. వదిలేసి పోయాడనుకుని పిల్లలను తీసుకుని జర్మనీ విడిచి లెబనాన్ వెళ్లిపోయింది.

విశ్రాంత బెంచి క్లర్కు, గుత్తి, అనంతపురం జిల్లా