వార్తలు పంచుకోవడం తప్పు కాదురా

ఏరా బావా,

పత్రికలన్నీ కలిసి వార్తలు పంచుకుంటే ప్రభుత్వానికి నొప్పేంటని తెగ వాదించావు కదా, ఇదిగో నా జవాబు. అమెరికా పత్రికలు కలిసి పెట్టుకున్న వార్తా సంఘం అసోసియేటెడ్ ప్రెస్ మీద కేసు పడింది పంచుకున్నందుకు కాదురా, పోటీవాణ్ణి రానివ్వనందుకు.

కేసు నాటికి, అంటే 1940ల్లో, అమెరికాలో 1,200కు పైగా పత్రికలు అందులో సభ్యులు. ఎవరి ప్రాంతం వార్తలు వాళ్లిస్తారు, ఖర్చు అందరూ కలిసి భరిస్తారు. ఇంతవరకు బ్రహ్మాండం. చిక్కంతా నిబంధనల్లో ఉంది. సభ్యులు తమ వార్తలు బయటివాళ్లకు ఇవ్వకూడదు. కొత్త పత్రికకు ఆ ఊళ్లో పోటీ సభ్యుడు ఎవరూ లేకపోతే చేరడం తేలికే. ఉండి, అతను ఒప్పుకోకపోతే మాత్రం చుక్కలే. సభ్యుల్లో మెజారిటీ ఓట్లు తెచ్చుకోవాలి. పైగా 1900 అక్టోబర్ 1 నుంచి అక్కడి పోటీ సభ్యులు సంఘానికి కట్టిన సొమ్మంతా లెక్కగట్టి, అందులో పదో వంతు చెల్లించాలి. షికాగోలో ఉదయం పత్రికకైతే 3,34,000 డాలర్ల పైమాట, న్యూయార్క్‌లో దాదాపు 11 లక్షలు! ఆ రోజుల్లో! అది ప్రవేశ రుసుమా, తలుపుకి తాళమా నువ్వే చెప్పు.

1941 చివర్లో మార్షల్ ఫీల్డ్ ‘షికాగో సన్’ అనే ఉదయం పత్రిక పెట్టాడు. అక్కడ ఉదయం పత్రికల్లో సంఘం సభ్యత్వం మెకార్మిక్ గారి ‘ట్రిబ్యూన్’ చేతిలో ఉంది. ఇంకేం, దరఖాస్తు తిరిగొచ్చింది. 1942లో ప్రభుత్వం పోటీని అణచే జట్లను నిషేధించే షెర్మన్ చట్టం కింద కోర్టుకెక్కింది.

సంఘం వాదన పత్రికా స్వేచ్ఛ. 1945 జూన్‌లో సుప్రీంకోర్టు 5-3తో తోసిపుచ్చింది. ప్రచురించే స్వేచ్ఛను రాజ్యాంగం కాపాడుతుంది గానీ, ఇతరులు ప్రచురించకుండా జట్టుకట్టే స్వేచ్ఛను కాదు అన్నాడు జస్టిస్ బ్లాక్. నాకైతే కేసు మొత్తం ఆ ఒక్క మాటలోనే ఉందనిపిస్తుంది. యునైటెడ్ ప్రెస్ లాంటి వార్తా సంస్థలు వేరే ఉన్నాయిగా అంటావేమో. దానికి కోర్టు జవాబు ఇదీ: వార్తలు దొరికే దారి ఇదొక్కటే కానక్కర్లేదు, పోటీని అడ్డుకోవడానికే ఆ నిబంధన పెట్టుకుంటే చాలు, తప్పే.

సంఘాన్ని మూసేయమనలేదు సుమా. సభ్యత్వానికి షరతులు పెట్టుకోవచ్చు, కానీ పాత సభ్యుడికి పోటీ అవుతాడన్న లెక్క మధ్యలోకి రాకూడదు. అంతే.

నీ పక్షానా ఒకరున్నారులే. ఇలా మొదలైతే పత్రికలు ప్రభుత్వ అజమాయిషీలోకి పోతాయని జస్టిస్ రాబర్ట్స్ అసమ్మతి తీర్పు రాశాడు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. ముందు ఆయన రాసింది చదువు, తర్వాత నాతో పోట్లాడు.

నీ
బావ