గంటలో యాప్ సరే, చదువు మాటేమిటి?

సంపాదకుడు గారికి,

ఇంజినీరింగ్ కుర్రాళ్ళు ఏఐ సాయంతో గంటలో యాప్ చేసేశారని మీ జిల్లా పేజీలో నాలుగు కాలమ్‌ల వార్త వేసి వారం దాటింది. ఎవరైనా స్పందిస్తారేమోనని చూశాను, ఎవరికీ పట్టినట్టు లేదు. ప్రిన్సిపాల్ గారి ఫొటో మాత్రం కుర్రాళ్ళ ఫొటో కంటే పెద్దది వేశారు, సంతోషం.

నేను సి, జావా అనే ప్రోగ్రామింగ్ భాషలు చెప్పి నిరుడే రిటైరయ్యాను. చివరిసారి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్ళినచోట ఒక విద్యార్థి బైనరీ సెర్చ్ (వరుసలో ఉన్న జాబితాను సగానికి సగం తగ్గించుకుంటూ వెతికే ప్రోగ్రాం) చిటికెలో చేసి చూపించాడు. ఔట్‌పుట్ కూడా వచ్చింది. 'మధ్య స్థానం కోసం మొదటి స్థానం, చివరి స్థానం కూడి రెండుతో భాగించావు, అవి మరీ పెద్ద సంఖ్యలైతే?' అనడిగాను. నవ్వి ఊరుకున్నాడు. ఆ మొత్తం 214 కోట్ల పైచిలుకు దాటితే, పూర్ణసంఖ్యలు దాచే 'int' అనే రకంలో పట్టక మైనస్‌లోకి పోతుంది. ఇదే తప్పు జావాతో పాటు వచ్చే రెడీమేడ్ కోడ్‌లో (లైబ్రరీలో) తొమ్మిదేళ్ళు దాక్కుని ఉందని, ఆ కోడ్ రాసిన జాషువా బ్లాక్ 2006లో తనే చెప్పాడు. అంతటివాడికే తప్పలేదు, ఏఐ ఇచ్చింది చదవకుండా అతికించేవాళ్ళ సంగతి చెప్పాలా? కుర్రాణ్ణి అనను. ఔట్‌పుట్ షీటు అంటించిన రికార్డుకు సంతకం పెట్టి మార్కులేస్తుంటే వాడు మాత్రం ఏం చేస్తాడు?

పోనీ వేగమైనా నిజమా? 2025లో మెటర్ అనే పరిశోధన సంస్థ 16 మంది అనుభవమున్న డెవలపర్లకు వాళ్ళకు బాగా తెలిసిన ప్రాజెక్టుల్లోనే పనులిచ్చి చూసింది. ఏఐ వాడినప్పుడు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్ళేమో 20 శాతం కలిసొచ్చిందనుకున్నారు! టూల్స్ అప్పటికంటే మెరుగయ్యాయంటారు, కావొచ్చు. చేయి తిరిగినవాళ్ళకే లెక్క తెలియనప్పుడు రెండో ఏడాది పిల్లలకేం తెలుస్తుంది?

సీఎస్ఈకి ఏఐ, ఎంఎల్, డేటా సైన్స్ అని తోకలు తగిలించి సీట్లు పెంచుకోవడానికి మాత్రం అనుమతులు చకచకా వచ్చేస్తాయి. బాగా నడిచే కాలేజీలకు సీట్ల పరిమితే ఉండదని 2024-25 నుంచి సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ తలుపులు తెరిచింది. పాఠం చెప్పేదెవరయ్యా అంటే, ఉద్యోగం రాక అదే కాలేజీలో చేరిన నిరుటి విద్యార్థి. తనిఖీ బృందం వచ్చే వారం ల్యాబులో కొత్త కుర్చీలు కనిపిస్తాయి. వెళ్ళిన మర్నాడు వెతుక్కోవాల్సిందే.

తప్పులున్న ప్రోగ్రాం చేతికిచ్చి, ఏఐ లేకుండా బాగుచేయించి, ప్రాక్టికల్స్‌లో సగం మార్కులు దానికే పెట్టమని పై అధికారులకు రాశాను. 'పరిశీలనలో ఉంది' అని జవాబొచ్చింది. ఏళ్ళ తరబడి పరిశీలించేంత ఏముంది అందులో? వచ్చే సెమిస్టర్ నుంచైనా మొదలుపెట్టమనండి.

- ఒక విశ్రాంత అధ్యాపకుడు, కాకినాడ