థర్మోకోల్ అగ్నిపర్వతాలకు మార్కులు ఇక చాలు

సంపాదకులకు,

సైన్స్ ఫెయిరో, ప్రాజెక్టు మార్కుల గడువో దగ్గరపడిందంటే చాలు, విజయవాడ వన్‌టౌన్‌లోనూ గుంటూరు పట్నంబజారులోనూ స్టేషనరీ దుకాణాల ముందు థర్మోకోల్ అగ్నిపర్వతాలు, సౌరకుటుంబాలు, గుడిసెలు వేలాడతాయి. అమ్మ కొంటుంది, పిల్లాడు పేరు రాసి బడికి తెస్తాడు, బడి మార్కులు వేస్తుంది. ఇందులో పిల్లాడి చెయ్యి పడింది పేరు రాసినచోట మాత్రమే. ఉన్నత పాఠశాలల్లో చిత్రకళ, త్రిమితీయ రూపకల్పన చెప్పేవాళ్లంగా మేం అడిగేది ఒకటే. కొన్న బొమ్మకు మార్కులు మానేయండి. పక్కపక్కన రెండు పీరియడ్లు ఇచ్చి బడిలోనే చేయించండి. ఖర్చుకు జంకక్కర్లేదు. మట్టి, అట్టపెట్టెలు, బైండింగ్ వైరు ఉంటే ఆరు నుంచి పదో తరగతి దాకా ఏడాది పని నడుస్తుంది.

రెండు పీరియడ్లు ఎందుకంటే, 45 నిమిషాల్లో మట్టిపని సాగదు. సామాను పంచడానికి పది నిమిషాలు, చేతులూ బల్లలూ కడగడానికి పదిహేను పోతే మిగిలేది 20. ముద్ద చేతికి అలవాటయ్యేసరికి గంట కొడతారు. అదే 90 నిమిషాలైతే ఆ పాతికా పోగా గంటకు పైగా పని దొరుకుతుంది. వారం వారం కుదరకపోతే పదిహేను రోజులకోసారి జంట పీరియడు ఇవ్వండి, విడివిడిగా రెండు ఇచ్చేకంటే అదే నయం. నేర్పేవాళ్లు లేరన్న మాట నిజమే. కానీ 6 నుంచి 8 తరగతుల్లో వందమందికి మించి పిల్లలున్న బడికి కళావిద్య కోసం పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది. అది అడిగే హక్కు తల్లిదండ్రుల కమిటీలకు ఉంది.

ఇక మట్టి. గుంటూరు చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా నల్లరేగడే. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఆరితే అంతకంత ముడుచుకుంటుంది. వేసవిలో చేలు నెర్రెలు విచ్చేది అందుకే. దాన్నే తెచ్చి పలక (బొమ్మ మలచడానికి చదునుగా చేసిన మట్టిబిళ్ల) చేయిస్తే వారం తిరక్కుండా ముక్కలవుతుంది, పిల్లాడు తన పనితనమే బాగాలేదనుకుంటాడు. కుమ్మరి దగ్గర నానబెట్టి తొక్కి ఉంచిన చెరువుమట్టి అడిగి తెచ్చుకోవడం మేలు. ఏ మట్టయినా ముందు ఒక పరీక్ష పెట్టాలి. 14 సెం.మీ. పొడవు పట్టీ చేసి, దాని మీద సరిగ్గా 10 సెం.మీ. గీత గీసి నీడన ఆరబెట్టాలి. ఆరాక ఆ గీత 9.3 సెం.మీ. ఉంటే మట్టి ఏడు శాతం ముడుచుకున్నట్టు, పనికొస్తుంది. 9 కంటే తగ్గితే జల్లించిన సన్న ఇసుకో, పాత పెంకుల పొడో అయిదు పాళ్లకు ఒక పాలు కలపాలి. ఇసుక మరీ ఎక్కువైనా చిక్కే. పెన్సిలు లావు వత్తి చేసి వేలికి చుట్టి చూడండి, వంపు దగ్గర విరిగితే ఇసుకైనా ఎక్కువైంది, నీళ్లయినా తక్కువయ్యాయి. శాతాలు ఎందుకు నేర్చుకోవాలో లెక్కల మాస్టారు చెప్పలేకపోతే ఈ పట్టీ చెబుతుంది.

12 సెం.మీ. చదరం, ఒకటిన్నర సెం.మీ. మందం పలకకు దాదాపు 400 గ్రాముల పచ్చిమట్టి పడుతుంది. నలభైమందికి 16 కిలోలు. పైన అతికే రూపాలకు, తరుగుకు కలిపి 22 కిలోలు తెప్పిస్తే సరిపోతుంది. బల్ల మీద గోనెగుడ్డ పరిచి, ముద్దకు రెండువైపులా ఒకటిన్నర సెం.మీ. మందం కర్రబద్దలు పెట్టి, వాటి మీదుగా పీవీసీ పైపుముక్క దొర్లిస్తే పలక అంతటా ఒకే మందం వస్తుంది. మందం ఎగుడుదిగుడుగా ఉంటే పలచనిచోటు ముందు ఆరి, మందమైనచోటి నుంచి తెగుతుంది.

ముక్కలు ఊడిపోతున్నాయన్నది ప్రతి బడిలో వినే ఫిర్యాదు. కారణం ఒక్కటే, నీళ్లు తడిపి అంటించేస్తారు. తడి ఆరగానే పట్టు పోతుంది. అతికే రెండు ముఖాలమీదా అడ్డదిడ్డంగా గాట్లు పెట్టాలి. అదే మట్టిని పెరుగంత చిక్కగా కలిపి ఆ బురద పూయాలి. నొక్కి కొంచెం అటూఇటూ కదిపితే గాట్లలోకి బురద దిగి రెండూ ఒకటవుతాయి. రెండు ముక్కల పదునూ, అంటే తేమ, ఒకేలా ఉండాలి. నిన్నటి పలక మీద ఇవాళ్టి పచ్చిముద్ద అతికితే, పచ్చిది ఎక్కువ ముడుచుకుని తనంతట తానే విడిపోతుంది.

ఆరబెట్టడంలో ఫ్యాన్ శత్రువు. మన వడగాలి అంతకంటే పెద్ద శత్రువు. అంచులు ముందు ఆరి ముడుచుకుంటాయి, నడిమిభాగం ఇంకా పచ్చిగానే ఉంటుంది, దాంతో మూలలు పైకి లేస్తాయి. పలక కింద న్యూస్‌పేపరు ఉండాలి, అప్పుడే ముడుచుకునేటప్పుడు జారగలదు. పలకకు అతుక్కుపోయిన చెక్క దాన్ని జారనివ్వదు, పలక మధ్యకు చీలుతుంది. మొదటి రెండు రోజులు పాలిథిన్ కప్పి, తర్వాత రోజుకోసారి తిరగేస్తూ నీడన ఉంచితే వారం పది రోజులు పడుతుంది, వానాకాలంలో ఇంకా ఎక్కువ. ఆరిందా లేదా అన్నది చెంపకు ఆనించి చూడాలి. చల్లగా తగిలితే లోపల తేమ ఉన్నట్టే. తేమ ఉన్నదాన్ని కుమ్మరి ఆవంలో (కుండలు కాల్చే బట్టీలో) పెడితే ఆవిరి దాన్ని పగలగొడుతుంది. గాలిబుడగ వల్ల పేలిందని అంటుంటారు కానీ, పేల్చేది తేమే. అందుకే బొటనవేలి కంటే మందమైన రూపమేదైనా వెనకనుంచి తొలిచి డొల్ల చేయాలి. కాల్చే వీలు లేకపోతే ఫొటో తీసి, మార్కులు వేసి, పలకలను తిరిగి బకెట్లో నానేయండి, వచ్చే నెలకు అదే మట్టి. చేతులు మాత్రం కుళాయి కింద కడగనివ్వొద్దు, డ్రైనేజీ పూడుతుంది. మొదటి బకెట్లో కడిగి రెండోదాంట్లో తొలవాలి. ఎండిన మట్టి నేలను ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

పలక మీద ఏం చేయించాలన్న ప్రశ్నకు మనకు దూరం పోయే పనిలేదు. అమరావతి శిల్పుల సున్నపురాళ్లే పాఠం. చెన్నై మ్యూజియంలో ఉన్న నాలాగిరి అనే ఏనుగు కథ చెక్కిన ఫలకం ఫొటో సంపాదించండి. ఒకే వృత్తంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది, ఒకచోట మదమెక్కి జనాన్ని తొక్కుతూ, ఇంకోచోట బుద్ధుడి ముందు మోకరిల్లుతూ. అంత గుంపును తక్కువ లోతులో ఇమిడ్చిన నేర్పు చూపించాలి. ఉబ్బెత్తు అంటే బొమ్మను ఎంత పైకి తేవాలా అన్నదే పిల్లల ఆలోచన. అసలు కీలకం మట్టాల్లో ఉంది. తరగతిలో మూడు మట్టాలు చాలు. నేపథ్యం సున్నా, వెనకనున్న రూపం 4 మి.మీ., ముందున్నది 10 మి.మీ. చూసేటప్పుడు ట్యూబులైటు ఆర్పి కిటికీ పక్కకు తీసుకెళ్లండి, లేదా పక్కనుంచి టార్చి వేయండి. పైనుంచి పడే వెలుగులో చదునుగా కనిపించిన పలకే పక్కవెలుగులో నీడలు పడి లేచి కూర్చుంటుంది. అమరావతి మ్యూజియానికో, విజయవాడ బాపు మ్యూజియానికో తీసుకెళ్లగలిగితే ఫొటోలతో పనే లేదు.

కట్టర్‌తో అట్టపని ఎనిమిదో తరగతి నుంచి. ఫ్రిజ్, టీవీ పెట్టెల అట్ట మధ్యలో అలలుగా ఒక పొర ఉంటుంది. ఆ అలల వెంబడి మడిస్తే సాఫీగా మడుస్తుంది, అడ్డంగా మడిస్తే నలిగి విరుగుతుంది. బరువు మోయాల్సిన స్తంభంలో అలలు నిలువుగా ఉండాలి. ఈ ఒక్క సంగతి తెలియకే చాలా మోడళ్లు కూలబడతాయి. మడతగీతను సిరా అయిపోయిన బాల్‌పెన్‌తో గట్టిగా గీయాలి, కోయకూడదు. ఫెవికాల్ దట్టంగా పోస్తే అట్ట తడిసి వంకర తిరుగుతుంది. పలచగా రాసి, బట్టల క్లిప్పులు 20 నిమిషాలు పెట్టి ఉంచాలి. కట్టర్ ఒకే ఊపులో కాదు, స్టీలు స్కేలు ఆనించి తేలికగా మూడుసార్లు లాగాలి. కట్టర్లకు నంబర్లు వేసి, ఒక్కో బల్లకు అయిదు మించకుండా ఇచ్చి, గంట కొట్టేలోగా లెక్కపెట్టి తీసుకోవాలి. ఆరు, ఏడు తరగతుల వాళ్లకు కత్తెరే.

మోడల్ స్కేలు, అంటే అసలు కొలతకూ మోడల్ కొలతకూ ఉన్న నిష్పత్తి గురించి ఒక మాట. ప్రకాశం బ్యారేజీ మోడల్ చేయని బడి విజయవాడలో ఉండదేమో. బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు. 1:1000 స్కేలులో 122 సెం.మీ., రెండు బల్లల మీద పడుతుంది. ఆ స్కేలులో మనిషి ఎత్తు 1.6 మి.మీ. మాత్రమే. పిల్లలు దాని మీద అయిదు సెం.మీ. ప్లాస్టిక్ బొమ్మను నిలబెడతారు, అంటే యాభై మీటర్ల మనిషి కృష్ణమ్మను చూస్తున్నట్టు! దాన్ని తీసేయించి గుండుసూది తల పెట్టించగలిగితే నిష్పత్తి పాఠం అయిపోయినట్టే.

కొండపల్లి బొమ్మ ఒక్కటైనా తరగతిలో ఉండాలి. ఏకకొయ్యలో చెక్కారనుకుంటారు చాలామంది. తెల్లపొణికి కర్రతో అవయవాలు వేరువేరుగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, అతుకు కనిపించకుండా పూత పెడతారు. ఆ మక్కును అట్టబొమ్మల సందులకూ పలచగా వాడొచ్చు.

వైరుకు పెద్ద వివరణ అక్కర్లేదు. ఇళ్లు కట్టేచోట వాడే బైండింగ్ వైరు ఒక్కొక్కరికి రెండు మీటర్లు, ఇద్దరికొక కటింగ్ ప్లేయరు. కాగితం మీద పెన్ను ఎత్తకుండా గీసిన బొమ్మను అదే క్రమంలో వంచాలి. తెగిన కొనలు కళ్లకు ప్రమాదం కాబట్టి చివర్లు లోపలికి మడిపించాలి.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ జోలికి పోయేవాళ్లకు ఒక హెచ్చరిక. అది గట్టిపడుతూ వేడెక్కుతుంది. చేయి అచ్చు తీద్దామని ముద్దలో చేయి పెట్టనివ్వకండి. 2007లో బ్రిటన్‌లో ఒక బడిలో ఇలాగే చేతులు పెట్టిన పదహారేళ్ల అమ్మాయి కాలిన గాయాలతో వేళ్లు పోగొట్టుకుంది. మట్టిలో చేతిముద్ర వేయించి, ఆ గుంటలో ప్లాస్టర్ పోస్తే అదే అచ్చు ప్రమాదం లేకుండా వస్తుంది.

మార్కుల విషయానికొస్తే, ఇరవైలో అయిదు ముందే గీసిన మూడు చూపులకు, అంటే ముందు, పక్క, పైనుంచి. అయిదు కొలతలు నిలబెట్టినందుకు, అయిదు అతుకుల బలానికి. మిగతా అయిదు, ఎక్కడ చెడింది, ఎందుకు చెడింది అన్నది నాలుగు వాక్యాల్లో రాసినందుకు. దుకాణంలో కొన్న వస్తువుతో ఆ చివరి నాలుగు వాక్యాలు ఎవరూ రాయలేరు.

ప్రధానోపాధ్యాయులకు ఒక చిన్న విన్నపం. జూన్‌లో టైంటేబులు వేసేటప్పుడు ఈ జంట పీరియడును మధ్యాహ్న భోజనానికి ముందు పెట్టకండి. కంచాలు కడిగే వరస, మట్టిచేతుల వరస ఒకే కుళాయి దగ్గర కలుస్తాయి.

ఇట్లు,
కొందరు చిత్రకళా ఉపాధ్యాయులు,
గుంటూరు