మందు గురించి రాసినప్పుడు ఆ కణాలు ఇచ్చిన పేషెంట్ గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

డయాలసిస్ పేషెంట్లకి రక్తం పెరగడానికి ఇచ్చే ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షన్ల గురించి, హైదరాబాద్ కంపెనీల బయోసిమిలర్ల (అసలు మందుకి దగ్గరగా ఉండేలా తయారుచేసే మందుల) గురించి పేపర్లో అప్పుడప్పుడు వార్తలొస్తుంటాయి, ధర ఎంత, ఏ దేశానికి వెళ్తోంది అన్నీ రాస్తారు, కానీ అలాంటి మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి వాడే కణాల గురించి ఒక్క ముక్క ఉండదు.

నేను ల్యాబ్‌లో అలాంటి కణాల్లో ఒక రకమైన టీఎఫ్-1ని పెంచుతాను. ఇవి 1987లో జపాన్‌లో ఎరిత్రోల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చిన 35 ఏళ్ల మనిషి ఎముక మజ్జ నుంచి తీసినవి, తోషియో కితమురా గారి టీమ్ 1989లో పబ్లిష్ చేసింది. వీటి గొప్పతనం ఏంటంటే జీఎం-సీఎస్ఎఫ్ లాంటి గ్రోత్ ఫ్యాక్టర్ (కణాల్ని పెరగమని చెప్పే ప్రోటీన్) లేకపోతే బతకవు. అంతకుముందే ఉన్న కే562, హెచ్ఎల్-60 అనే కణాలు కూడా ల్యుకేమియా పేషెంట్ల నుంచి వచ్చినవే, కానీ అవి ఏ ఫ్యాక్టర్ ఇవ్వకపోయినా వాటంతటవే పెరుగుతాయి, అలాంటప్పుడు మనం ఇచ్చిన మందు కణం మీద దాన్ని అందుకునే ప్రోటీన్‌కి, అంటే రిసెప్టర్‌కి అతుక్కుని పనిచేసిందో లేదో వాటి పెరుగుదల చూసి ఎలా చెప్తాం? టీఎఫ్-1లో అయితే కళ్లకే తెలిసిపోతుంది. ఫ్యాక్టర్ ఇచ్చిన ఫ్లాస్కులో కణాలు పెరిగి వాటికి పోసిన పోషక ద్రవం, అంటే మీడియం గులాబీ రంగు నుంచి పసుపుకి తిరుగుతుంది, ఇవ్వనిది గులాబీగానే ఉండిపోతుంది, దాంట్లోంచి ఓ చుక్క తీసి ట్రిపాన్ బ్లూ అనే రంగు కలిపి మైక్రోస్కోప్ కింద పెడితే చచ్చిన కణాలన్నీ నీలంగా కనపడతాయి.

ఐఎల్-3 అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్, జీఎం-సీఎస్ఎఫ్ రెండింటి రిసెప్టర్లలోనూ బీటా గొలుసు అనే భాగం ఒకటే అని 1990, 91ల్లో బయటపడింది కూడా ఈ కణాల పుణ్యమే. తర్వాత యూటీ-7 అనే ఇలాంటి కణాలే ఇంకో రకం వచ్చాయి, వాటిలోంచి ఎరిత్రోపొయిటిన్ మీదే ఆధారపడే రకాన్ని కూడా తీశారు.

ఇలాంటి సెల్ లైన్ (ల్యాబ్‌లో ఆగకుండా పెరుగుతూనే ఉండే కణాలు) రావడం మామూలు విషయం కాదండి, పేషెంట్ నుంచి తీసిన కణాలు చాలాసార్లు కొన్ని వారాలకే ఆగిపోతాయి, ఎప్పుడో ఒకటి నిలబడితే అది ఆ మనిషి తర్వాత కూడా దశాబ్దాల పాటు ప్రపంచమంతా తిరుగుతుంది. అందుకే ఇవ్వాలా వద్దా అన్నది ఆ మనిషికి అర్థమయ్యేలా చెప్పి అడగాలి. 1951లో అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే క్యాన్సర్ పేషెంట్ గారి కణాలు తీసుకున్నప్పుడు అడగలేదు, ఆ సంగతి లోకమంతా తెలుసు. మా చిన్నాన్నకి ఒక ఆస్పత్రిలో మజ్జ తీసినప్పుడు కాగితం మొత్తం ఇంగ్లీషులో ఉంది, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించారంతే, మిగిలిన శాంపిల్ ఏం చేస్తారని అడగాలని కూడా ఆయనకి తట్టలేదు. అడిగి ఉంటే ఆయన సంతోషంగా ఇచ్చేవాడు, అది నాకు బాగా తెలుసు.

మన పేషెంట్ల కణాలతో మన దగ్గర కూడా కొత్త లైన్లు రావాలని నా కోరిక, పుణెలో నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్‌లో భద్రపరచడానికి రిపాజిటరీ కూడా ఉంది. కాకపోతే ముందు ఆ కన్సెంట్ ఫారం తెలుగులో ఉండాలి, మిగిలిన శాంపిల్ రీసెర్చికి ఇవ్వొచ్చా అనేది విడిగా అడగాలి, వద్దంటే ట్రీట్‌మెంట్ ఏమీ ఆగదని అందులోనే రాసుండాలి. మీ హెల్త్ పేజీలో డాక్టర్లతో దీని గురించి ఒక ఆర్టికల్ రాయించండి, దాని పక్కనే తెలుగు ఫారం నమూనా కూడా వేస్తే జనం కత్తిరించి దాచుకుంటారు.

ఇట్లు,
సెల్ కల్చర్ ల్యాబ్ ఉద్యోగి, హైదరాబాద్