ఓడబొమ్మ కింద మేస్త్రి పేరేదీ?: హస్తకళల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను కాకినాడలో ఉంటున్న రిటైర్డ్ లెక్కల మాస్టారిని. పెన్షన్‌లో మందులకు పోగా మిగిలిందంతా ఓడబొమ్మల మీద తగలేస్తానని మా ఆవిడ ఫిర్యాదు. ఈ లేఖ కూడా ఆ పిచ్చిలో భాగమే అనుకోండి.

సంక్రాంతికి ముందు ఒక హస్తకళల దుకాణంలో టేకు పడవ కొన్నాను. మూరెడు పొడవు, రెండు తెరచాపలు. ఎవరు చేశారని అడిగితే కౌంటరు దగ్గర కుర్రాడు "మనవాళ్లేనండి" అన్నాడు. ఏ ఊరివాళ్లో తెలీదు. ఏ పడవకి నమూనా అంటే, "పడవేనండి" అని నవ్వాడు. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూశాను. ఒకే మొద్దును తొలిచి, పలకలు పేర్చినట్టు కనబడడానికి పైన గీతలు గీశారు. తాళ్లన్నిటికీ ఒకటే దారం. తెరచాప కొయ్యను నిలబెట్టే తాడు, చాపను ఎత్తే తాడు ఒకే లావుంటే అది షోకేసులో తప్ప ఎక్కడా నిలవదు.

ఓడబొమ్మలు సేకరించేవాళ్లు మొదట చూసేది ఈ కొలతల లెక్కే. 17వ శతాబ్దంలో ఇంగ్లండు నౌకాదళం కోసం చేసిన నమూనాల్లో చాలావాటికి స్కేలు 1:48, అసలు ఓడలో నలభై ఎనిమిదో వంతు. అంటే అసలు ఓడలో పది అంగుళాల వెడల్పున్న పలక, బొమ్మలో ఐదు మిల్లీమీటర్ల చిల్లర. చెయ్యి అర మిల్లీమీటరు జారిందంటే ఓడలో దాదాపు అంగుళం తప్పినట్టు. వాటిలో చాలావాటికి అడుగు భాగాన పలకలు బిగించకుండా వదిలేశారు, లోపలి పక్కటెముకలు కనబడాలని. చేసినవాడి పనితనాన్ని దాచే చోటే లేదన్నమాట.

అలాగని లెక్క ఒక్కటే ధర తేల్చదు. నెపోలియన్ యుద్ధాల్లో ఇంగ్లండుకు బందీలుగా చిక్కిన ఫ్రెంచి సైనికులు, నావికులు నార్మన్ క్రాస్ లాంటి శిబిరాల్లో ఏళ్ల తరబడి మగ్గారు. కూరలో వచ్చిన ఎముకలను దాచుకుని, అరగదీసి, ఓడలు చేసి సంతలో అమ్ముకున్నారు. చాలావరకు గుర్తున్నంత మేర చేసినవి. కొలతలు పట్టి చూస్తే నా క్లాసులో పాసయ్యేవి కావు. అయినా ఈనాటికీ వేలంపాటల్లో వాటికోసం పోటీ పడతారు. ఆ ఎముక ఎవరి కంచంలోదో తెలుసు కాబట్టి.

వాటిని కాపాడుకోవడం వేరే తద్దినం. పాత బొమ్మల్లో ఫిరంగులు, లంగర్లు సీసంతో పోసినవి ఉంటాయి. ఓక్ చెక్క పెట్టెలో గాలాడకుండా మూసిపెడితే ఆ చెక్కలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లగా పొడి రాలిపోతుంది. పాత దారం తెగిందని నైలాను దారం కడితే సగం విలువ అక్కడే పోయినట్టు.

ఇప్పుడు మన సంగతి. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంది. 1839 తుపాను ఊడ్చేసేదాకా మా కాకినాడ దగ్గరి కోరంగి పెద్ద ఓడరేవు. మారిషస్‌కి వలసెళ్లిన తెలుగువాళ్లకి అక్కడ "కోరంగి" అనే పేరే పడింది. ఆ మారిషస్‌లోనే, క్యూర్‌పిప్ అనే ఊరి వైపు, ఓడబొమ్మల తయారీ ఒక పరిశ్రమ. 1744లో వాళ్ల తీరాన మునిగిన సెయింట్ జెరాన్ అనే ఓడ నమూనాను టూరిస్టులు కొనుక్కెళ్తారు. మన ఓడెక్కి వెళ్లినవాళ్ల దేశంలో ఓడబొమ్మ అన్నం పెడుతోంది. మన దగ్గర మాత్రం అది "పడవేనండి".

కోరంగి పక్కనే తాళ్లరేవులో కాగితం మీద గీత గీయకుండా చెక్క పడవ కట్టగల మేస్త్రులున్నారు. ఆ కొలతలన్నీ వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. ఫైబర్ బోట్లొచ్చాక ఆ చేతులకు పని తగ్గింది. ఒక్కో రకం పడవను కొలిచి, డ్రాయింగులు గీయించండి. ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు వేసవి సెలవుల్లో చేసేస్తారు. ఆ డ్రాయింగు పట్టుకుని అదే మేస్త్రి చేత నమూనా చేయించండి. దానితోపాటు ఒక కార్డు ఇవ్వండి. చేసినవారి పేరు, ఊరు, ఏ పడవ, ఏ స్కేలు, ఏ చెక్క, ఏ సంవత్సరం. సబ్సిడీ అడగట్లేదండి. కార్డు అడుగుతున్నాను.

నేను కొన్న పడవను మొన్న తిరగేసి చూశాను. అడుగున పెన్సిలుతో ఏదో రాసి ఉంది. "స" ఒక్కటే కనబడుతోంది. మిగతా అక్షరాల మీద ధర స్టిక్కరు అంటించారు. తడిగుడ్డతో నానబెట్టి మెల్లగా లాగితే, స్టిక్కరుతోపాటు ఆ అక్షరాలు కూడా ఊడొచ్చేశాయి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మాస్టారు,
కాకినాడ